చెయ్యి తగలకూడదు

"నాకొద్దు, తీసెయ్యండి," అంటూ వాచీల బాబాయి ఎడంచేత్తో కంచాన్ని అవతలికి నెట్టేశాడు.

అది బల్ల అంచుదాకా జారి ఆగింది. ఆయన కుడిచేతికి మోచేతి నుంచి వేళ్ళ మొదళ్ళదాకా పిండికట్టు ఉంది. ఆ కట్టును ఇంట్లో అందరికీ కనపడేలా బల్లమీద పెట్టుకుని కూర్చున్నాడు, నిన్నటి నుంచీ.

"ఆకలి లేదురా నీకు?" అంది అత్తగారు.

"లేదక్కా."

"లేనివాడివి ఇందాకట్నుంచి వంటింటి వైపు ఎందుకు చూస్తున్నావు?"

"నేను చూసేది వంటింటి వైపు కాదు. నా బతుకు వైపు."

బల్లకు ఈ చివర తన చక్రాల కుర్చీలో కూర్చున్న కోడలికి ఒళ్ళు మండింది. వెన్ను దెబ్బతిన్నప్పటి నుంచి ఆమెకు అరికాళ్ళలో స్పర్శ లేదు గానీ, అరికాలి మంట నెత్తికెక్కడానికి అదేమీ అడ్డు రాలేదు.

ఆమెను వీధిలో అందరూ టేపమ్మ అంటారు. కొలతల టేపు ఎప్పుడూ కుర్చీ చేతికి వేలాడుతూ ఉంటుంది గనక ఎవరో పిల్లలు పెట్టిన పేరు అది. పెద్దలు కూడా దాన్నే ఖాయం చేశారు. భవనాల్లోకి వెళ్ళి, నడవలేనివాళ్ళు, చూపు లేనివాళ్ళు అక్కడ ఇంకొకరి చెయ్యి పట్టుకోకుండా తమ పని తాము చూసుకుని రాగలరా లేదా అని తేల్చి చెప్పడం ఆమె ఉద్యోగం. అందమైన ర్యాంపు కట్టి దాని చివర ఒక మెట్టు పెట్టే మహానుభావుల్నీ, వికలాంగుల మరుగుదొడ్డిలో చీపుళ్ళు దాచి తాళం వేసి, తాళంచెవి పై అంతస్తులో ఉంచే బుద్ధిమంతుల్నీ చూసి చూసి ఆమె ఓపిక ఎప్పుడో అరిగిపోయింది. మిగిలిన కాస్తా నిన్నటి నుంచి ఇంట్లోవాళ్ళు తలా కొంచెం కాజేశారు.

"బాబాయిగారూ, మళ్ళీ చెబుతున్నాను, కోపం తెచ్చుకోకండి," అంది.

"కొత్తగా తెచ్చుకోనమ్మా. ఉన్నదే చాలు."

"ర్యాంపు ఎక్కేటప్పుడు ఒళ్ళు ముందుకు వంచాలి. మీరు మలుపు దాటాక వెనక్కి వాలి ఉంటారు. అందుకే కుర్చీ వెనక్కి దొర్లింది. ఆపుదామని చక్రంలో చెయ్యి పెట్టి మణికట్టు విరగ్గొట్టుకున్నారు."

"నేను వాలలేదు."

"వాలకపోతే దొర్లదండీ."

"అంటే నేను అబద్ధమాడుతున్నానన్నమాట."

"అలా అన్నానా?"

"నువ్వేమన్నావో నీకే తెలియాలి. నాకు వినపడింది మాత్రం అదే."

ఆమె భర్త డ్రాయింగు మాస్టారు కిటికీ దగ్గర నిలబడి పెన్సిళ్ళు చెక్కుతున్నాడు. ఇంట్లో గొడవ మొదలైనప్పుడల్లా ఆయనకు పెన్సిళ్ళు చెక్కవలసిన అవసరం వచ్చిపడుతుంది. పొద్దున బళ్ళో పిల్లలకు బొమ్మలు నేర్పి, మధ్యాహ్నం నుంచి భార్య వెంట భవనాలు తిరిగి వాటి నక్షాలు గీసి పెట్టడం ఆయన పని. ఊరందరికీ బాబాయే గానీ, వాచీల బాబాయి ఆయనకు సొంత మేనమామ. అటు మామయ్య, ఇటు భార్య, మధ్యలో తల్లి. అడకత్తెరలో పోకచెక్క అంటే ఎలా ఉంటుందో ఆ పూట ఆయన్ని చూస్తే చాలు.

"అమ్మాయ్," అంది అత్తగారు, తమ్ముడి కంచాన్ని మళ్ళీ వెనక్కి లాగుతూ. "వాడు పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి కాళ్ళతో నడిచి ఎరగడు. ఎక్కడికెళ్ళినా ఎవరో ఒకరు తోసుకెళ్ళినవాళ్ళే. ఇన్నేళ్ళూ మా ముందుగదిలో కూర్చుని గుట్టుగా వాచీలు బాగుచేసుకున్నాడు. వాడికి బజారు భవనంలో కొట్టు కావాలని ఆశ పెట్టిందెవరు? ఒంటరిగా వెళ్ళండి, ఎవరి సాయమూ అక్కర్లేదు, ర్యాంపు నేను ఎక్కి చూశాను అని వాణ్ణి సాగనంపిందెవరు?"

"నేనే. ఎక్కాను కాబట్టే చెప్పాను."

"నువ్వెక్కావు. వాడు పడ్డాడు."

"అందుకే కదా, వాలి ఉంటారని..."

"నేను వాలలేదు!" వాచీల బాబాయి కట్టు ఉన్న చేత్తోనే బల్ల గుద్దబోయి, మధ్యలో గుర్తొచ్చి ఆగాడు. "ఈ చేత్తో నేను వెంట్రుకంత స్ప్రింగు పట్టుకోవాలి. ఈ వేళ్ళు మళ్ళీ మునుపటిలా వంగుతాయో లేదో డాక్టరుకే తెలీదు. నా చెయ్యి పోయిందన్న ఏడుపు ఒకపక్క. నా తెలివితక్కువ వల్లే పోయిందని నువ్వు పాడే పాట ఇంకోపక్క. ఏదో ఒకటే చాలమ్మా నాకు."

టేపమ్మకు జాలి వేసింది. అంతకు రెండింతలు విసుగు వేసింది. ఆమె బాధ ఆమెది. ర్యాంపు వాలు నిబంధనకు లోపల ఉంటే గొడవ లేదు, బయటికి పోతే అసలే గొడవ లేదు. రసమట్టంలో గాలిబుడగ గీత మీద కూర్చుని ఎటూ తేల్చని ర్యాంపులు కొన్ని ఉంటాయి. అలాంటిచోట చక్రాల కుర్చీలో ఉన్న పరీక్షకురాలు స్వయంగా ఎక్కి చూసి చెప్పిందే తీర్పు. బజారు భవనం ర్యాంపు అలాంటిదే. "నేను ఒంటరిగా ఎక్కాను" అన్న ఆమె ఒక్క మాట మీద ఆ ర్యాంపు పాసైంది. ఇలాంటి మాట మీదే ఊళ్ళో ఇంకా ఎన్నో భవనాల తలుపులు తెరుచుకున్నాయి. ఆ మాటే తప్పయితే, బాబాయి తర్వాత పడబోయేది ఎవరో.

అంతలో ఫోను మోగింది. మాట్లాడింది బజారు భవనం మేనేజరు. ఆయన గొంతు ఎంత పెద్దదంటే స్పీకరు నొక్కక్కర్లేకుండానే అందరికీ వినపడుతుంది.

"మేడం, ఇక్కడ కొట్లవాళ్ళు గోల చేస్తున్నారు. ర్యాంపు ప్రమాదం అంటున్నారు. కూలగొట్టి మళ్ళీ కట్టమంటున్నారు. మీరు ఒక్కసారి వచ్చి అందరిముందూ ఎక్కి చూపించేయండి. నోళ్ళు మూతపడతాయి. మీరు ఎక్కగలిగింది ఆ పెద్దాయన ఎక్కలేకపోతే మన తప్పేముంది చెప్పండి?"

"మన" అన్న మాట టేపమ్మ చెవిలో ముల్లులా గుచ్చుకుంది. అయినా, "సాయంత్రం వస్తాను," అని పెట్టేసింది.

"వెళ్తావా?" అంది అత్తగారు. "పదిమంది ముందు ఎక్కి, నా తమ్ముడు చేతగానివాడని చాటింపు వేసి వస్తావా?"

"నిజమేదో తేలుతుంది అత్తయ్యా. నాకు కావలసింది అదే."

"నిజమా? వెనకాల మొగుణ్ణి పెట్టుకుని ఎవరైనా ఎక్కుతారమ్మా. మావాడి వెనక ఎవరున్నారు?"

"ఆయన నన్ను ముట్టుకోరు!" టేపమ్మ గొంతు పెరిగింది. "ఎన్నిసార్లు చెప్పాలి మీకు? కుర్చీ వెనక్కి తలకిందులైతే ప్రాణం మీదికొస్తుంది. అందుకని ఒక మనిషి వెనకే నడవాలి. చేతులు పిడుల దగ్గర ఉంచాలి, తగలకూడదు. పడితే పట్టుకోవాలి, పడనంతవరకూ ముట్టుకోకూడదు. అది మా పని పద్ధతి. మీ అబ్బాయినే అడగండి. ఏమండీ, ఎప్పుడైనా తోశారా?"

పుటుక్కున పెన్సిలు మొన విరిగింది.

"పద్ధతి అదే," అన్నాడు మాస్టారు.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, రెండు చేతులూ ప్యాంటు జేబుల్లో దోపుకున్నాడు. టేపమ్మ అది చూసింది. కానీ అప్పటికి ఆమెకు తన కోపమే సరిపోయింది.

"ఇవాళ వద్దులే," అన్నాడాయన మళ్ళీ. "నీకు భుజం నొప్పిగా ఉంది కదా."

"నాకు భుజం నొప్పని ఎప్పుడు చెప్పాను?"

"చెప్పలేదు. వస్తుందేమోనని."

"రాని నొప్పికి మందు రాసే మొగుడు నాకే దొరికాడు. సరే, మీరు నా వెనక రావద్దు. ఇంకెవరినైనా పెట్టుకుంటాను. అప్పుడు ఎవరికీ అనుమానం ఉండదు."

"ఎవరిని పెట్టుకుంటావు? అది అలవాటున్న పని..."

"నేనొస్తాను," అంది అత్తగారు.

వాచీల బాబాయి కూడా తలెత్తి చూశాడు.

"ఏం, నాకు చేతుల్లేవా? మా తమ్ముణ్ణి చిన్నప్పుడు నడుం మీద వేసుకుని మేడలెక్కినదాన్ని. పడితే పట్టుకోవాలి, పడకపోతే ముట్టుకోకూడదు, అంతేగా? నీకు సాయం చేసెయ్యాలన్న ఆరాటం నాకేం లేదమ్మా. ఆ మాటకొస్తే నీ మొగుడికంటే నేనే నమ్మకం."

ఎంత ఆలోచించినా టేపమ్మకు ఆ మాటలో తప్పు దొరకలేదు.

*

బజారు భవనం కొత్త పెళ్ళికూతురిలా మెరిసిపోతోంది. నడవలేనివాళ్ళ పట్ల తమకెంత శ్రద్ధ ఉందో తెలియాలని మేనేజరు ఎక్కడ పడితే అక్కడ చక్రాల కుర్చీ బొమ్మలు అంటించాడు. మెట్ల పక్క గోడకు కూడా ఒకటి ఉంది.

ర్యాంపు మొదట్లో కొట్లవాళ్ళు గుంపుగా నిలబడి ఉన్నారు. కొందరి చేతుల్లో టీ కప్పులున్నాయి. ఒక పక్క గొడవ చూడాలని, ఒక పక్క బేరాలు పోతున్నాయని, అందరికీ తొందరగానే ఉంది.

"రండి మేడం, రండి," అన్నాడు మేనేజరు. "వీళ్ళకు మీరే చెప్పండి. కాదు, చెప్పొద్దు, చూపించండి."

టేపమ్మ చేతి తొడుగులు వేసుకుంది. అత్తగారు కొంగు నడుముకు బిగించి కుర్చీ వెనక నిలబడింది. మాస్టారిని దూరంగా ఉండమన్నారు గనక ఆయన ర్యాంపు పక్కన, కమ్మీల అవతల, కింద నేలమీదే నిలబడ్డాడు.

"ముట్టుకోకూడదు," అంది టేపమ్మ.

"వందసార్లు చెప్పావు. పద."

మొదటి వరస సాఫీగా సాగింది. చక్రాన్ని పట్టు, నెట్టు, వదులు. పట్టు, నెట్టు, వదులు. ఒళ్ళు ముందుకు వంచి, గడ్డం దాదాపు మోకాళ్ళకు తగిలేలా పెట్టి, ఆమె చకచకా పైకి పోతుంటే కొట్లవాళ్ళలో ఒకడు, "అబ్బో, మాకంటే ఈవిడే నయం," అన్నాడు. మేనేజరు ముఖం వెలిగిపోయింది. మలుపు దగ్గర చదును మీద ఆమె ఒక్క క్షణం ఆగి ఊపిరి పీల్చుకుని కుర్చీని తిప్పింది.

రెండో వరస అక్కడ మొదలవుతుంది. కింది భాగం మామూలుగానే ఉంది. సగం దాటాక కొద్దిగా నిటారవుతుంది. మొన్న ఎక్కినప్పుడు ఈ చోటు ఆమెకు బాగా గుర్తుంది. ఇక్కడే చక్రాలు బరువెక్కుతాయి. ఇక్కడే తన భుజాల్లోకి ఎక్కడి నుంచో కొత్త బలం వస్తుంది. ఒక్క మొన్ననే కాదు, కష్టమైన ప్రతి ర్యాంపు మీదా అంతే. ఇక అయిపోయింది అనుకున్నచోట కుర్చీ ఒక్కసారిగా తేలికై ముందుకు సాగుతుంది. రోజూ పొద్దున్నే డంబెల్స్ ఎత్తిన ఫలితం అనుకునేది ఆమె. ఆ బలం గురించి ఎంతమందికి గర్వంగా చెప్పుకుందో లెక్కలేదు.

చక్రాలు బరువెక్కాయి.

ఆమె నెట్టింది. ఇంకోసారి నెట్టింది. ఇప్పుడు వస్తుంది అనుకుంది.

రాలేదు.

ముందు చిన్నచక్రాలు నేలను వదిలి లేచాయి. ఆమె ఇంకా ముందుకు వంగింది. ఇక వంగడానికి చోటు లేదు. మోచేతుల దగ్గర నరాలు వణుకుతున్నాయి. చక్రం ఒక అంగుళం పైకి పోయి, ఆగి, ఒక అంగుళం కిందికి జారింది. మళ్ళీ నెట్టింది. మళ్ళీ జారింది. ఈసారి చేతులు జారాయి.

కుర్చీ వెనక్కి కదిలింది. కదిలీ కదలకముందే దభాలున దేనికో ఆనుకుని ఆగింది.

"పట్టుకున్నాను," అంది అత్తగారు. ఆవిడ గొంతు పళ్ళ మధ్య నుంచి వచ్చింది.

"తొయ్యమంటావా?" అని అడిగింది అత్తగారు. ఆ ఇంటికి కోడలుగా వచ్చినప్పటి నుంచి టేపమ్మ ఆవిడ నోట అంత మెల్లని మాట వినలేదు.

"వద్దు."

"కొంచెమేనే. నాలుగు బారలు కూడా లేదు."

"వద్దత్తయ్యా. పట్టుకోండి, చాలు."

చెమట కళ్ళలోకి కారుతుంటే టేపమ్మ తల పక్కకు తిప్పింది. కమ్మీల సందుల్లోంచి కింద మొగుడు కనపడ్డాడు. ఆయన కళ్ళార్పకుండా ఆమె చక్రాల వైపే చూస్తున్నాడు. కుడిచెయ్యి నడుమెత్తున ముందుకు చాపి ఉంది. అరచెయ్యి విచ్చుకుని ఉంది. అది గాలిని తోస్తోంది.

ఆ సంగతి ఆయనకు తెలీదు. ఆయన ముఖం చూస్తేనే తెలుస్తోంది.

అత్తగారు కూడా అటే చూసింది. కొడుకు చేతిని చూసింది, కోడలి ముఖం చూసింది. నోరు తెరవబోయి మూసుకుంది. నోటికి ఎంత మాట వస్తే అంత మాట అనే మనిషి ఆవిడ. అలాంటి ఆవిడ నోరు మూసుకోవడం టేపమ్మకు అన్నిటికంటే ఎక్కువ తగిలింది.

"దింపండి అత్తయ్యా. వెనక్కే దిగుదాం."

*

"మేడం, ఇవాళ మీకు ఒంట్లో బాగాలేనట్టుంది," అన్నాడు మేనేజరు కింద. "రేపు రండి. విశ్రాంతి తీసుకుని రండి. మీ ఆయనగారు వెనకుంటే ధైర్యంగా ఉంటుందేమో."

"అక్కర్లేదు. నేను తప్పు చెప్పాను," అంది టేపమ్మ. అందరికీ వినపడేలాగే అంది. "మొన్న నేనిచ్చిన మాట చెల్లదు. ఈ పై వరస తీసేసి వాలు తగ్గించి కట్టాలి. అప్పటిదాకా ఇక్కడ తాడు కట్టండి."

"అంటే ఏమిటండీ మీరనేది?" మేనేజరు చిరునవ్వు ఎటు పోయిందో పోయింది. "మొన్నేమో ఎక్కానంటారు. ఇవాళేమో ఎక్కలేనంటారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, మీరు ఎక్కలేకపోతే నా ర్యాంపు కూలగొట్టాలా? అయినా మొన్నటి మాట తప్పయితే, ఇన్నాళ్ళూ ఊరంతా తిరిగి మీరిచ్చిన మాటలన్నీ ఏమిటి?"

ఆ ప్రశ్న దిగి వస్తున్నప్పటి నుంచే టేపమ్మను తొలుస్తోంది. కాకపోతే దాన్ని ఈ మనిషి నోట వినవలసి వచ్చింది, అదే ఖర్మ.

"తాడు కట్టమంది కదా, ముందు ఆ పని చూడు నాయనా," అంది అత్తగారు. "మిగతా సంగతి మా ఇంట్లో మేం చూసుకుంటాం."

వ్యానులో ఇంటికి బయల్దేరారు. మాస్టారు బండి నడుపుతూ రెండుసార్లు ఏదో చెప్పబోయాడు. రెండుసార్లూ అత్తగారు దగ్గింది.

వాచీల బాబాయి అదే బల్ల దగ్గర, అదే కట్టుతో అలాగే కూర్చుని ఉన్నాడు. టేపమ్మ కుర్చీని తిన్నగా ఆయన ఎదురుగా తీసుకెళ్ళి ఆపింది.

"బాబాయిగారూ, మీరు వాలలేదు. తప్పు మీది కాదు. నేను కూడా ఎక్కలేకపోయాను."

"ఈ ముక్క నిన్ననే చెబితే నిన్ననే తినేవాణ్ణి కదమ్మా," అన్నాడు. "నిజంగానే వాలానేమో అనుకున్నాను. రాత్రంతా అదే ఆలోచన. నువ్వు అంత గట్టిగా చెప్పేసరికి నా ఒళ్ళు నాకే అబద్ధం చెబుతోందేమో అనిపించింది."

టేపమ్మ ఆయన ఎడంచెయ్యి పట్టుకుంది. క్షమించమని అడగాలనుకుంది. అంతలో అత్తగారు కంచం తెచ్చి తమ్ముడి ముందు పెట్టి, చెంచాతో తినిపించడం మొదలుపెట్టింది. ఆయన ఈసారి వద్దనలేదు.

మాస్టారు గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు. చుట్టూ చూశాడు. పెన్సిళ్ళన్నీ చెక్కే ఉన్నాయి.

"ఎక్కడెక్కడ?" అంది టేపమ్మ, ఆయన వైపు తిరగకుండానే.

"తెలీదు."

"తెలీదంటే?"

"నిజంగానే తెలీదు. చెయ్యి తగలకూడదు, తగలకూడదు అనుకుంటూనే నడిచేవాణ్ణి. ఇవాళ అక్కడ నా చెయ్యి నేను చూసుకుని నాకే భయం వేసింది. అది నాతో చెప్పి చెయ్యదు. నువ్వు కష్టపడుతుంటే దానంతటదే..."

"ఆసుపత్రి?"

"ఏమో."

"ఆడపిల్లల బడి?"

"చెప్పలేను."

"గ్రంథాలయం వెనక ర్యాంపు? అక్కడికి వారం వారం ఒక చూపులేని అమ్మాయి వాళ్ళ నాన్నను కుర్చీలో తీసుకొస్తుంది. నేను చెప్పానని తీసుకొస్తుంది. అక్కడ?"

"నన్ను అడక్కు. ఏది చెప్పినా అబద్ధమే అవుతుంది."

"అబ్బ, ఎంత ప్రేమండీ!" టేపమ్మ కుర్చీని గిర్రున తిప్పింది. "ఇంత ప్రేమ పెట్టుకుని నా నోరు నొక్కేశారు. నేను ఊళ్ళో అందరికీ చెప్పేదేమిటి? మా వెనక నిలబడకండి, మాకు దారి ఇవ్వండి చాలు, మేమే వెళ్తాం. ఇంట్లో మొగుడికే ఆ మాట ఎక్కలేదు. ప్రతిచోటా మీరు ఎక్కించారు, నేను సంతకం పెట్టాను. ఇంకెవడో చెయ్యి విరగ్గొట్టుకున్నాడు."

"'ఇంకెవడో' ఇక్కడే ఉన్నాడమ్మా," అన్నాడు వాచీల బాబాయి, నోట్లో ముద్దతో.

మామూలప్పుడైతే అందరూ నవ్వేవాళ్ళు.

"అన్నీ మళ్ళీ చూస్తాను," అంది టేపమ్మ. "నేను ఎక్కి చూసి తేల్చినవన్నీ. మీరు రావద్దు. అత్తయ్యా, మీరు వస్తారా?"

"రాకేం చేస్తాను? నిన్ను ఇంకొకరి చేతిలో పెడితే వాళ్ళూ జాలిపడి తోసేస్తారు. అది లేనిదాన్ని నేనొక్కదాన్నే కదా ఈ ఇంట్లో," అంది అత్తగారు. కానీ అంటూ ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

మాస్టారు గుమ్మం వదిలి రెండడుగులు లోపలికి వచ్చాడు.

"ఒకచోట మాత్రం తెలుసు," అన్నాడు.

టేపమ్మ తలెత్తింది.

"ఒక్కచోట తెలిసే తోశాను. పాత కోర్టు భవనం దగ్గర. నీకు ఈ ఉద్యోగం ఇవ్వడానికి ముందు, ముగ్గురు పెద్దమనుషులు వచ్చి, ఎక్కి చూపించమన్నారే, ఆ రోజు."

చెంచా కంచంలో పడిన చప్పుడైంది. అత్తగారు, "ఒరేయ్," అంది.

"ఎందుకు?" అంది టేపమ్మ.

"ఆగిపోయావు. పై అంచు దగ్గర. వాళ్ళు ఏదో మాట్లాడుకుంటూ అటు తిరిగారు. నువ్వు అంతకుముందు ఏడాదంతా ఆ రోజు కోసమే బతికావు. ఆగిపోయావని వాళ్ళు చూసేలోపల..."

"నేను ఆగలేదు."

"ఆగావు."

"ఊపిరి తీసుకుని ఉంటాను. ఊపిరి తీసుకోవడం ఆగిపోవడం కాదు."

"కావచ్చు," అన్నాడు మాస్టారు. "నాకు ఆగినట్టే కనిపించింది."

టేపమ్మ ఆ రోజును గుర్తు చేసుకుంది. ఎండ గుర్తుంది. పైకి చేరాక ముగ్గురిలో పెద్దాయన వంగి చెయ్యి కలపడం గుర్తుంది. కాళ్ళు పోయాక తన ఒంటిని తాను మళ్ళీ నమ్మింది ఆ రోజే. ఆ తర్వాత ఎంత కష్టమొచ్చినా ఆ ఎక్కడాన్నే తలుచుకుని నిలదొక్కుకుంది. ఆగానా? ఎంత వెతికినా ఆ ఒక్క క్షణం ఆమెకు దొరకలేదు. కుర్చీ తేలికైనట్టు మాత్రం లీలగా గుర్తుంది.

"అత్తయ్యా, రేపు పొద్దున్నే బయల్దేరదాం," అంది. "ముందు పాత కోర్టుకే."

"అది వద్దు," అన్నాడు మాస్టారు. "అది అయిపోయిన సంగతి. అక్కడ ఎక్కలేకపోతే ఏం చేస్తావు?"

"ఉద్యోగం వాళ్ళది వాళ్ళకు ఇచ్చేస్తాను."

"ఎక్కగలిగితే?"

టేపమ్మ మొగుడి చేతుల వైపు చూసింది. అవి ఈసారి జేబుల్లో లేవు. ఏం చెయ్యాలో తెలియక రెండూ ఊరికే వేలాడుతున్నాయి.

"ఎక్కగలిగితే, ఆ రోజు కూడా ఎక్కేదాన్నా అని బతికినంతకాలం మిమ్మల్ని అడుగుతూనే ఉంటాను," అంది. "మీరు ఏం చెప్పినా నేను నమ్మలేను."